మొదటి లైనులో శ్రీ

వెబ్ ప్రోగ్రామింగ్ నేర్చుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి అని ఎవరైనా అడిగితే నాకు ముందు నవ్వొస్తుంది. వాళ్ళేమో పాపం పెన్నూ పుస్తకం పట్టుకుని కూర్చుంటారు, నేనేదో మంచి పుస్తకం పేరు చెబుతాననీ, ఫలానా వీడియోలు చూడమంటాననీ. నేను నవ్వు ఆపుకోలేక, "ముందు ఒక పెద్ద తప్పు చేయండి. అది మీ ఇంట్లో మీకు నేర్పిన మంచి అలవాటు అయితే ఇంకా బాగుంటుంది" అంటాను. వాళ్ళు ఒకరి ముఖాలు ఒకరు చూసుకుంటారు. ఈవిడకు కొంచెం తిక్క అనుకుంటారేమో, అనుకోనీ. ఆ మాట అర్థం కావాలంటే నేను పి.హెచ్.పి. అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకున్న మూడు నెలల సంగతి చెప్పాలి. చెప్పమనాలే గానీ నాకు అంతకంటే సంతోషం ఏముంది!

రెండువేల నాలుగో, ఐదో. కర్నూల్లో బీఎస్సీ లెక్కలు పూర్తిచేసి ఇంట్లో ఉన్నాను. మాది వ్యాపారం చేసుకునే కుటుంబం. పాత ఊళ్ళో మా నాయనకు తాళ్ళు, పగ్గాలు, గోతాలు అమ్మే అంగడి ఉండేది. నేను బీఎడ్ చేసి పంతులమ్మ కావాలని ఆయన కోరిక. కడపలో మా మేనత్త ఇల్లుంది, ఆ ఇంటికి నాలుగడుగుల్లో బీఎడ్ కాలేజీ ఉంది, ఇంకేం కావాలి? మేనత్త ఫోన్ చేసినప్పుడల్లా "రా పాపా, సెలవొస్తే ఒంటిమిట్టకు పోయి రాములోరిని చూసొస్తాం, నాకూ తోడుంటాది" అని ఆశపెట్టేది. నాకేమో నలుగురి ముందు నిలబడి చెప్పడమంటే చచ్చేంత భయం. కాలేజీలో ఒకసారి సెమినార్ ఇవ్వమంటే బోర్డు వైపు తిరిగి, మొదటి మాట నుంచి చివరి మాట దాకా బోర్డుకే చెప్పి వచ్చి కూర్చున్న మనిషిని నేను.

అందుకని కంప్యూటర్ మీద పడ్డాను. కంప్యూటరైతే మన వైపు చూసి నవ్వదు కదా.

"వెబ్‌సైట్లు తయారుచేయడం నేర్చుకుంటా నాయనా" అన్నాను. ఆయన ఒప్పుకున్నాడు, కానీ ఊరికే కాదు. "మూడు నెల్లు నీ ఇష్టం. ఆ లోపల ఉద్యోగం వస్తే సరే. రాకపోతే బీఎడ్ ఫారం పోస్టులో వేస్తా. అప్పుడు ఏడ్చుకుంటా కూచోగూడదు" అన్నాడు. సరేనన్నాను. మరునాడే ఫారం తెచ్చి, నింపి, దేవుడి పటం పక్కన పెట్టాడు. దాని పై అంచులో ఎర్ర సిరాతో శ్రీ అని రాసి ఉంది.

ఆ శ్రీ సంగతి ఇప్పుడే చెప్పాలి. మా ఇంట్లో ఏ కాగితం మీదైనా పైన శ్రీ పడనిదే రెండో అక్షరం పడదు. ఉత్తరమైనా సరే, శుభలేఖ అయినా సరే, మార్కెట్టుకు పోయేవాళ్ళకు వంకాయలు, కొత్తిమీర అని రాసిచ్చే చీటీ అయినా సరే. నేను పలక పట్టినప్పటి నుంచి అంతే. పరీక్ష పేపర్ల మీద రాశాను, గ్రంథాలయం రిజిస్టర్లో రాశాను, గ్యాస్ బండ కోసం ఇచ్చిన అర్జీ మీద కూడా రాశాను. చేయి దానంతటదే రాసేస్తుంది, నాతో పనిలేదు.

మా కంప్యూటర్ సెంటర్ కొండారెడ్డి బురుజు దగ్గర, విత్తనాల అంగడి మిద్దె మీద ఉండేది. ఆరు కంప్యూటర్లు, అందులో ఒకదానికే ఫోన్ లైనుతో ఇంటర్నెట్. నడిపే సార్‌కు నలభై ఏళ్ళుంటాయి. ఆయన ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. ఎక్కడో దొరికిన లావుపాటి పుస్తకం జిరాక్సు తీయించుకుని తనంతట తాను నేర్చుకున్నాడు. ఆ జిరాక్సులో మధ్యలో ఇరవై పేజీలు లేవు. వాటిలో ఏముందో ఆయనకు తెలియదు. ఎవరైనా అటువైపు ప్రశ్న అడిగితే "ఆ సంగతి మనకు పడదు బేటీ" అని దాటేసేవాడు. ఆ మాట ఎంత ధైర్యంగా అనేవాడంటే, పడకపోవడం మన అదృష్టం అనిపించేది.

ఆయన నేర్పే పద్ధతులు ఆయనవే. మొదటి వారం కంప్యూటర్ ముట్టనివ్వలేదు. లాంగ్ నోట్‌బుక్కులో ప్రోగ్రాములు చేత్తో రాయించాడు. "ముందు వేళ్ళకు తెలియాల. తలకాయ నిదానంగా తెలుసుకుంటాది, దానికి తొందర ఏముండాది?" అనేవాడు. రెండో వారం కంప్యూటర్ల ముందు కూర్చోబెట్టి, బాగా పనిచేస్తున్న ప్రోగ్రామును చెడగొట్టమన్నాడు! ఒక సెమికోలన్ పీకేయి, ఏమంటుందో చూడు. ఒక బ్రాకెట్ మింగేయి, ఏమంటుందో చూడు. అది తిట్టిన తిట్లన్నీ నోట్‌బుక్కు వెనక వైపు నుంచి రాసుకో. ఆహా, ఏం చదువది! పదిహేనేళ్ళు తప్పు చేయొద్దు చేయొద్దు అని చదివించినవాళ్ళ తర్వాత, కూర్చోబెట్టి తప్పులు చేయమన్న మనిషి దొరికాడు నాకు. సాయంత్రానికి నా ప్రోగ్రాములో పనిచేసే లైను ఒక్కటి మిగల్లేదు. అంత తృప్తిగా నేను ఏ పనీ చేయలేదు.

నా పక్క కంప్యూటర్ కోడుమూరు నుంచి వచ్చే అమ్మాయిది. సేద్యం చేసుకునే ఇంటి పిల్ల, రోజూ బస్సులో వచ్చేది, సంచిలో పచ్చి వేరుశనక్కాయలు తెచ్చేది. ఆమె నేర్చుకునే పద్ధతి తిట్టడం. ప్రోగ్రాం నడవకపోతే స్క్రీను వైపు వేలు చూపించి "ఏం, పొద్దున్నుంచి సూస్తాండా, నీకు శానా పొగరెక్కింది" అని మొదలుపెట్టేది. తిడుతూ తిడుతూ లైను తర్వాత లైను బయటికి చదివేది, చదువుతుంటే తప్పు దొరికిపోయేది. నేను కూడా అలవాటు చేసుకున్నాను. ఇప్పటికీ తప్పు వెతకాలంటే పెద్దగా చదువుతూ తిట్టడాన్ని మించిన ఉపాయం నాకు కనిపించలేదు.

నా మొట్టమొదటి సొంత పేజీ చెప్పనా? పొద్దున తెరిస్తే టిఫినుకు "ఉగ్గాని, బజ్జీ" అని చూపించాలి, మధ్యాహ్నం తెరిస్తే భోజనానికి "సంకటి, చెనిక్కాయల ఊరిమిండి" అని చూపించాలి. ఊరిమిండి అంటే మా వైపు పచ్చడి. అయితే-లేకపోతే అనే పాఠం అన్నమాట. ఖాళీ ఫైలు తెరిచాను. చేయి దానంతటదే మొదటి లైనులో ఇంగ్లీషు అక్షరాల్లో శ్రీ కొట్టేసింది. దాని కింద ప్రోగ్రాం రాశాను. నడిపాను. పై మూల చిన్నగా శ్రీ, దాని కింద నల్లగా ఉగ్గాని, బజ్జీ!

అబ్బబ్బా, ఆ సంతోషం! రెండిట్లో ఏది చూపించాలో నేను చెప్పలేదు, ఇప్పుడు పొద్దున అని తెలుసుకుని అదే చెప్పింది! కుర్చీలోంచి లేచి గంతేశాను. కోడుమూరు అమ్మాయి కంప్యూటర్ గడియారాన్ని మధ్యాహ్నానికి తిప్పింది, సంకటి వచ్చింది. మళ్ళీ తిప్పింది, ఉగ్గాని వచ్చింది. ఇద్దరం ఆ గంటలో ముప్పై సార్లు టిఫినూ భోజనమూ చేశాం. కింద విత్తనాల అంగడాయన మెట్లెక్కి వచ్చి, మిద్దె మీద ఏం గోల అని అడిగి, తనూ రెండుసార్లు నొక్కి చూసి పోయాడు. పైనున్న శ్రీని చూసి "బాగుండాది పాపా, పద్ధతిగా ఉండాది" అన్నాడు. నేను పొంగిపోయాను.

ఇట్లా రెండు నెలల మూడు వారాలు గడిచాయి. నా ప్రతి ఫైలులోనూ మొదటి లైను శ్రీయే. ఏ ఇబ్బందీ రాలేదు. ఉద్యోగం కూడా రాలేదు. ఇంట్లో పటం పక్కన ఫారం నన్నే చూస్తూ ఉండేది.

చివరి వారం సోమవారం పొద్దున సార్ నన్ను పిలిచాడు. బేతంచెర్లలో బండలు పాలిష్ పట్టే ఫ్యాక్టరీ యజమాని ఒకాయన వెబ్‌సైటు అడిగాడట. వేరే ఊళ్ళ వ్యాపారులు తమ పేరు, పాస్‌వర్డ్ కొట్టి లోపలికి వచ్చి, ఏ సైజు బండలు ఉన్నాయో, ఏ రంగు ఉన్నాయో చూసుకోవాలి. పొద్దస్తమానం ఫోన్లు ఎత్తలేక ఆయన చెవి నొప్పి పుడుతోందట.

"లోపలి పేజీలు నేను చేసినా. లాగిన్ నువ్వు చెయ్యి. వచ్చే సోమవారం పోయి చూపిద్దాం. నడిచిందంటే నీకు ఈడ్నే ఉద్యోగం" అన్నాడు సార్. ఆ మాట చెప్పి, చుట్టాల పెళ్ళికి హైదరాబాదు వెళ్ళిపోయాడు. శనివారం గానీ రాడు.

నేను ఇంటికి పరుగెత్తి నాయనకు చెప్పాను. ఆయన క్యాలెండర్ చూసి "సోమవారం దాకా సూస్తా. ఫారం పోస్టులో వేసేదానికి ఆఖరు దినం మంగళవారం" అన్నాడు. అంటే లెక్క తేలిపోయింది. లాగిన్ నడిస్తే కర్నూలు, నడవకపోతే కడప.

లాగిన్ అంటే ఏముంది? పాస్‌వర్డ్ సరిపోతే "ఇక్కడ వద్దు, ఆ లోపలి పేజీకి పో" అని బ్రౌజరుకు ఒక మాట చెప్పాలి. దాన్ని హెడర్ అంటారు. ఒక్క లైను. మంగళవారం మధ్యాహ్నానికి అంతా రాసేశాను. మొదట, అలవాటుగా, శ్రీ. పాస్‌వర్డ్ కొట్టి, కళ్ళు మూసుకుని ఎంటర్ నొక్కాను. కళ్ళు తెరిస్తే పై మూల శ్రీ, దాని కింద బారెడు తిట్టు. హెడర్ పంపడం కుదరదు, పేజీ అప్పటికే బయటికి వెళ్ళడం మొదలైంది, మొదలైంది ఒకటో లైనులో, హెడర్ ఉన్నది పద్నాలుగో లైనులో, అని.

ఒకటో లైను చూశాను. అక్కడ శ్రీ తప్ప ఏమీ లేదు. శ్రీలో తప్పేముంటుంది? కంప్యూటర్‌కు లెక్క తప్పింది అనుకున్నాను. రెండో లైను నుంచి చివరి దాకా వెతికాను. బుధవారమంతా వెతికాను. కోడుమూరు అమ్మాయి నా తరఫున గొంతు పోయేలా తిట్టింది. సెమికోలన్లు లెక్కపెట్టాం. బ్రాకెట్లు లెక్కపెట్టాం. మొత్తం ప్రోగ్రాం చెరిపేసి, మళ్ళీ శుభంగా శ్రీతో మొదలుపెట్టి రాశాను. అదే తిట్టు!

గురువారం నాకు ఒక ఆలోచన వచ్చింది. చెప్పడానికి ఇప్పుడు సిగ్గేస్తుంది గానీ చెబుతాను. దైవబలం చాలలేదేమో అనుకుని శ్రీ కింద శ్రీరామజయం అని మూడు లైన్లు కొట్టాను. నడిపాను. తిట్టు వచ్చింది గానీ, చివర ఉన్న లైను నంబరు మారింది! పద్నాలుగు ఉండేది పదిహేడయింది!

"కదిలింది మే! తప్పు కదిలింది!" అని అరిచాను. ఇద్దరం చేతులు పట్టుకుని గిరగిరా తిరిగాం. పైన మూడు లైన్లు పెరిగితే కింది లైను నంబరు మూడు పెరగక ఏం చేస్తుందని మాకు తట్టడానికి అరగంట పట్టింది. తట్టాక ఎవరి కుర్చీలో వాళ్ళం కూర్చున్నాం.

అప్పుడు ఇంటర్నెట్ ఉన్న కంప్యూటర్ దగ్గరికి పోయి, ప్రోగ్రాములు రాసేవాళ్ళు ఒకరికొకరు సాయం చేసుకునే చోట నా గోడు వెళ్ళబోసుకున్నాను. ప్రోగ్రాం మొత్తం పెట్టాను. శుక్రవారం పొద్దున జవాబు వచ్చి ఉంది. ఏ దేశం మనిషో తెలియదు. ఒక్క ముక్క రాశాడు: "మొదటి లైనులో ఆ మూడక్షరాలు ఎందుకు? తీసేయండి."

నాకు ఒళ్ళు మండింది. తీసేయాలా? ఎవరనుకున్నాడు? అసలే చావోరేవో అన్నట్లున్నాను, నా బతుకంతా దీని మీద వేలాడుతోంది, ఈ ముఖ్యమైన పనికి శ్రీ తీసేసి మొదలుపెడతానా? నా వచ్చీరాని ఇంగ్లీషులో పెద్ద వ్యాసం రాసి పెట్టాను, మా సంప్రదాయం గురించి, మా నాయన గురించి, తాళ్ళ అంగడి గురించి కూడా. ఆ మహానుభావుడు మధ్యాహ్నానికి చాలా మర్యాదగా రాశాడు: "అమ్మా, మీ దేవుడితో నాకే పేచీ లేదు. మీ సర్వరుకే ఉంది."

"ఒక్కసారి తీసి సూడు మే. నడిస్తే నడుస్తాది, ల్యాకపోతే మళ్ళా పెట్టుకుందువు" అంది కోడుమూరు అమ్మాయి.

"చచ్చినా తీయను."

నేను నీళ్ళు తాగడానికి లేస్తే ఆమె నా కీబోర్డు మీదికి చేయి చాపింది. చూసి, గబగబా వచ్చి ఆ చేయి పట్టుకున్నాను. ఆమె ముఖం మాడ్చుకుని, "అయితే కడపకు పోయి పంతులమ్మవైపో" అని వేరుశనక్కాయల సంచి అటువైపు పెట్టుకుంది. ఆ రోజు నాకొక్క కాయ ఇవ్వలేదు.

శనివారం సార్ వచ్చాడు. నా స్క్రీను వైపు ఒక్క చూపు చూసి, కుర్చీ లాక్కుని కూర్చుని, నవ్వడం మొదలుపెట్టాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ నవ్వాడు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది.

"నవ్వేది నిన్ను చూసి కాదు బేటీ" అన్నాడు. "నేను నేర్చుకునేటప్పుడు మొదటి లైనులో ఏడు వందల ఎనభై ఆరు వేసుకుంటి. మా ఇండ్లల్లో ఏం రాసినా పైన బిస్మిల్లాకు గుర్తుగా అదే గదా. పది దినాలు ఇదే తిట్టు తింటి. చెప్పేదానికి ఎవరూ లేరు."

తర్వాత నిదానంగా చెప్పాడు. పైన ఉన్నది ఒక్క అక్షరమైనా, అది బ్రౌజరుకు వెళ్ళిపోతే పేజీ మొదలైపోయినట్లే. "లోపలికొచ్చి, పీటేసుకోని, అన్నం తినేదానికి కూచున్నోన్ని ఆ ఇంటికి పోప్పా అంటే పోతాడా? గడప కాడ ఉన్నప్పుడే చెప్పాల" అన్నాడు. "పైన కోణం గుర్తు, ప్రశ్న గుర్తు పెట్టి పి.హెచ్.పి. తెరువు. దాని కింద రెండు ఏటవాలు గీతలు గీసి, వాటి వెనక రాసుకో. నీకు కనపడతాది, బయటికి పోదు."

"అంటే శ్రీ రెండో లైనులోకా సార్?"

సార్ నవ్వు ఆపేశాడు. "ఆ మాట నేను చెప్పగూడదు. అప్పుడు నేను మా అమ్మనడిగినా. నువ్వు మీ నాయన్నడుగు" అన్నాడు.

ఆదివారం పొద్దున అంగడికి పోయాను. నాయన పగ్గాలు చుట్టలు చుడుతున్నాడు. ఎదురుగా గోతాల మీద కూర్చుని అంతా చెప్పాను, ఏదీ దాచకుండా. "శ్రీ కంటే ముందు ఏదైనా రాయొచ్చా నాయనా?" అని అడిగాను.

ఆయన చేతులు ఆగాయి. "రాయగూడదంటే?"

"లాగిన్ నడవదు. ఉద్యోగం రాదు. నేను కడపకు పోతా."

ఆ మాట నోటి నుంచి వచ్చాక గానీ నాకు అర్థం కాలేదు, ఎవరిని ఏమడుగుతున్నానో. రాయకూడదు అని ఒక్క మాట అంటే చాలు, ఆయన కోరుకున్నది జరిగిపోతుంది. నేను ఎదురు చెప్పను కూడా. ఆయనకు ఆ సంగతి నాకంటే ముందే తెలుసు, వ్యాపారస్తుడు కదా. ఎవరో గిరాకీ వచ్చి మోకు అడిగితే "రోంతసేపు నిలబడప్పా" అని, అల్మారా మీదున్న కలం తీసుకున్నాడు. ఒక కాగితం ముందు పెట్టుకున్నాడు. రాయబోయి ఆగాడు. చేతిలో కలం వైపు చూసి చిన్నగా నవ్వాడు.

"శ్రీ రాసే ముందు కలానికి మూత తీస్తాం గదమ్మా" అన్నాడు. "తీయకపోతే రాయడం ఎట్ల? నీ కోణం గుర్తూ అదీ, ఆ మూత తీయడమే. దానికి దేవుడేమీ అనుకోడు. పోయి రాసుకోపో."

అప్పుడు మా నాయన మీద ఎంత ప్రేమ పుట్టిందంటే, ఆ గిరాకీ మనిషి లేకపోతే అక్కడే మెడ పట్టుకుని ఏడ్చేదాన్ని. ఆయన మాత్రం నా వైపు చూడకుండా మోకు కొలుస్తూ నిలబడ్డాడు.

పరుగున వచ్చి, సార్ ఇచ్చిన తాళంచెవితో సెంటర్ తెరిచాను. మూత తీశాను. రెండు ఏటవాలు గీతలు, వాటి వెనక శ్రీ. పాస్‌వర్డ్, ఎంటర్. తెర ఒక్కసారి తెల్లబడి, లోపలి పేజీ తెరుచుకుంది! బండల సైజులు, రంగులు, అన్నీ! కోడుమూరు అమ్మాయి సెలవు రోజని రాలేదు. ఎవరితో గంతేయాలో తెలియక, మెట్లు దిగి విత్తనాల అంగడాయనకు చెప్పి వచ్చాను. ఆయనకేమీ అర్థం కాలేదు గానీ చాలా సంతోషించాడు.

సోమవారం బస్సులో బేతంచెర్లకు బయల్దేరాం, సార్, నేను, నాయన. నాయన ఎందుకంటే, కంప్యూటర్ డబ్బాను మనమే మోసుకుపోవాలి, మానిటర్, కీబోర్డు మాత్రమే అక్కడున్నాయి. ఆ డబ్బాను ఆయన స్వయంగా రెండు గోతాల్లో పెట్టి, కొత్త తాడుతో కట్టి, దారి పొడవునా ఒళ్ళో పెట్టుకున్నాడు. గుంత వచ్చినప్పుడల్లా డ్రైవరును "నిదానమప్పా, లోపల పాస్‌వర్డులుండాయి" అని కేకేశాడు. నాకు నవ్వాగలేదు. కండక్టరు ఆ డబ్బాకు ఇరుకవుతుందని ఇద్దరు ముసలివాళ్ళను జరిగి కూర్చోమన్నాడు.

ఫ్యాక్టరీ ఆఫీసులో కుర్చీ, బల్ల, యజమాని మీసాలు అన్నీ రాతి దుమ్ముతో తెల్లగా ఉన్నాయి. ఆయన ఒక వేలితో పాస్‌వర్డ్ కొట్టాడు. తెర మీద అన్నీ చుక్కలే పడేసరికి "నేను రాసేదాన్ని దాచిపెడ్తాండాదే ఇది!" అని అనుమానంగా చూశాడు. ఎంటర్ నొక్కాడు. లోపలి పేజీ వచ్చింది. నాలుగుసార్లు బయటికి వచ్చి నాలుగుసార్లు లోపలికి పోయాడు. ఐదోసారి ఆగి, తెర పైభాగాన్ని వేలితో తడిమాడు.

"అంతా బాగుండాది గానీ, పైన శ్రీ ల్యాకుండా ఎట్లప్పా? మేం లారీ చీటీ కూడా రాయం అట్ల."

సార్ నా వైపు చూశాడు. నాయన నా వైపు చూశాడు. నాకు నవ్వు పొట్టలోంచి తన్నుకొస్తోంది. కీబోర్డు నా వైపు తిప్పుకున్నాను. పోవలసిన హెడర్లన్నీ పోయాక, పేజీ మొదలయ్యే చోట, నడిమధ్యలో, ఎర్ర రంగులో పెద్దగా శ్రీ పెట్టాను. పదిమంది పాలిష్ పట్టేవాళ్ళు తలుపు దగ్గర నిలబడి చూస్తున్నారు. వాళ్ళను చూసి భయపడాలన్న సంగతే మరిచిపోయాను. రెండు నిమిషాల్లో అయిపోయింది. యజమాని మళ్ళీ పాస్‌వర్డ్ కొట్టాడు. శ్రీ వచ్చింది, బండలు వచ్చాయి, తిట్టు రాలేదు! "శెబాష్!" అని ఆయన బల్ల మీద చరిస్తే దుమ్ము లేచి అందరం దగ్గాం.

తిరుగు బస్సులో నాకు కాలు నిలవడం లేదు. "సార్, రేపట్నుంచి నా ఉద్యోగం ఏంటి? ఏ సైటు చేయాలి?" అని అడిగాను.

"సైటు ఏముండాది బేటీ, ఎప్పుడో ఒకటి వస్తాది" అన్నాడు సార్ తాపీగా. "రేపు పొద్దున ఏడింటికి కొత్త బ్యాచి. మొదటిసారి నేర్చుకునేవాళ్ళు పద్దెనిమిది మంది. నువ్వే చెప్పాల."

నేను నోరెళ్ళబెట్టాను. ముందు సీట్లోంచి నాయన మెల్లగా వెనక్కి తిరిగాడు. నా ముఖం చూశాడు. ఆయన అంత గట్టిగా నవ్వడం నేను పుట్టి బుద్ధెరిగాక అదే చూడటం. డబ్బా ఒళ్ళో ఎగిరెగిరి పడింది.

"బీఎడ్ ల్యాకుండానే పంతులమ్మవైతివి గదే!" అని కళ్ళు తుడుచుకున్నాడు. "ఫారం ఇంక పోస్టులో వేసే పనే ల్యా!"

"నాకు చెప్పడం రాదు నాయనా! బోర్డు వైపు తిరిగి చెప్తా!" అని మొత్తుకున్నాను. కోపంగానే అన్నాను గానీ, సగంలో నాకే నవ్వొచ్చేసింది. బస్సులో అందరూ మా వైపు చూస్తున్నారు.

కర్నూలు దగ్గరికి వస్తుండగా నాయన నవ్వు ఆపేసి, సార్ వైపు వంగి, కొంచెం మొహమాటంగా, నాకు వినపడకూడదన్నట్లు అడిగాడు. "సార్, ఆ బ్యాచిలో వయసైనోళ్ళను చేర్చుకుంటారా?"

మంగళవారం పొద్దున ఏడింటికి తలుపు తీసుకుని లోపలికి అడుగుపెట్టాను. భయంతో ఎదుటివాళ్ళ ముఖాలు కూడా కనపడలేదు. కుర్చీలు కిర్రుమన్నాయి. అందరూ లేచి నిలబడ్డారు. మొదటి వరుసలో, ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతిలో కొత్త లాంగ్ నోట్‌బుక్కుతో మా నాయన కూడా నిలబడి ఉన్నాడు. నేను బోర్డు వైపు తిరగలేదు. "కూర్చోండి" అన్నాను. అందరూ కూర్చున్నారు, నాయన అందరికంటే ఆలస్యంగా కూర్చున్నాడు.